మామగారి రసమట్టం, అల్లుడి చూరు కాలువలు

ఆ వీధిలో పన్నెండిళ్ళు. పన్నెండింటికీ చూరు కాలువలు బిగించింది ఒక్కడే. పెంకుల మీద పడ్డ వాన నేరుగా గుమ్మంలో కురవకుండా, చూరు పొడవునా ఉన్న రేకు కాలువలో పారి, పడమటి మూలనున్న గొట్టంలోంచి దిగి వీధి కాలవలో కలిసిపోవాలి. అంతే పని. ఈ మాత్రానికి ఒక మనిషి జీవితమంతా పడుతుందా అని ఎవరైనా అడిగితే, వాళ్ళింకా కారే చూరు కింద తాళంచెవి వెతుక్కోలేదన్నమాట.

ఆయన్ని అందరూ చూరల్లుడు అంటారు. పేరుకు ఒక పేరుంది గాని, అది కాగితాల మీదే ఉండిపోయింది. చూరు పని చేస్తాడు కనక చూరు, మేస్త్రిగారింటికి ఇల్లరికం వచ్చాడు కనక అల్లుడు. యాభై ఆరేళ్ళొచ్చాయి, నెత్తిమీద నల్ల వెంట్రుక వెతికితే గాని దొరకదు, అయినా ఇంకా అల్లుడే. మామగారు బతికున్నంత కాలం అల్లుడికి ప్రమోషన్ ఉండదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. దారిన పోయేటప్పుడు ఎదురొచ్చే మొహాలు చూడడు, చూర్లు చూస్తాడు. ఒకసారి ఎవరో పోయారని పరామర్శకు వెళ్ళి, ఏడుస్తున్నవాళ్ళ మధ్య కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, పైకి చూసి, "రెండో కొక్కెం ఊడిపోయిందండీ" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు ఆయన్ని తిట్టలేదు సరికదా, పదకొండో రోజున కబురు పెట్టి కొక్కెం బిగించమన్నారు.

తండ్రిది రేకుల పని. బకెట్లకు మాట్లు వేసేవాడు, గరాటాలు చేసేవాడు. కొడుకు ఆ కత్తెరే పట్టుకుని, బకెట్లు ప్లాస్టిక్‌వి అయిపోయాక చూర్ల మీదికి ఎక్కాడు. ముప్ఫై ఏళ్ళ కిందట మేస్త్రిగారు ఈ పన్నెండిళ్ళూ కట్టి, కాలువలు బిగించడానికి పిలిచాడు. మొదటి ఇంటి కాలువ అయ్యాక మేస్త్రిగారే నిచ్చెనెక్కి, తన రసమట్టం కాలువ మీద పెట్టి, గాజు గొట్టంలో బుడగ ఎక్కడ నిలిచిందో చూసి, "ఊఁ" అన్నాడు. పన్నెండో ఇల్లు అయ్యాకా "ఊఁ" అనే అన్నాడు. ఆ తర్వాత కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. దాన్ని బట్టి పని నచ్చిందనే అనుకోవాలి, కాని నోటితో చెప్పలేదు. చూరల్లుడు ముప్ఫై ఏళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించి ఉన్నాడు. పెళ్ళాం పొగిడింది, ఊరు పొగిడింది, వాటిని ఆయన ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశాడు. మామగారి నోట రావాలి. ఆ నోట "ఊఁ" తప్ప ఏదీ రాలేదు.

ఇక ఇళ్ళ సంగతి చెప్పాలి. ఇళ్ళు వాలిపోయాయి.

ఒకటీ రెండూ కాదు, పన్నెండూ వాలాయి, అన్నీ తూర్పుకే. అటుపక్కన ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తవ్విన గొయ్యి ఉండేదట. దాన్ని పూడ్చి చదును చేశారు. పూడ్చిన మట్టి నింపాదిగా, ఏడాదికి అర అంగుళం కన్నా కాస్త తక్కువగా కుంగుతోంది. ఇరవై ఏళ్ళ కిందట ఇంకేదో పని మీద వచ్చిన ఇంజనీరు ఒకడు చూసి, "భయం లేదు, పడవు, వాలతాయి అంతే" అని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు. అది విన్నది చూరల్లుడొక్కడే.

చెప్పేద్దామనుకున్నాడు. కాని అది అత్తగారు పోయిన ఏడు. మామగారు అప్పటికి మూడు నెలలుగా మంచం దిగడమే గగనంగా ఉంది. ఆయన్ని మంచం మీంచి లేపేది ఒకటే పని. పొద్దున్నే వరండాలోకి వచ్చి, తన గది వీధి కిటికీ గడప మీద రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యన నిలిస్తే, "ఇల్లు బాగుంది" అనుకుని టీ తాగేవాడు. ఆ టీ తాగితే ఆ రోజుకి అన్నం కూడా తినేవాడు. ఒకరోజు బుడగ గీత దాటి కాస్త ఎడమకి జరిగింది. మామగారు కళ్ళు నులుముకున్నాడు, మళ్ళీ చూశాడు, టీ గ్లాసు అలాగే వదిలేసి వెళ్ళి పడుకున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజుకి కూతురు ఏడవడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు తెల్లవారకముందే చూరల్లుడు ఆ రసమట్టం తీసి, ఇత్తడి పట్టీ మరలు విప్పి, గాజు గొట్టానికి కుడిచివర కింద ఒక కాగితప్పేలిక పెట్టాడు. గోడ మీది తారీఖుల కాగితం, ఆ రోజుదే, సన్నగా కత్తిరించి పెట్టాడు. మళ్ళీ బిగించాడు. పొద్దున్న బుడగ నడిమధ్యన నిలిచింది. మామగారు టీ తాగాడు.

ప్రపంచంలో అబద్ధాలన్నీ ఇలాగే మొదలవుతాయి, ఒక గ్లాసు టీతో. మరుసటేడు వానలకు ముందు ఇంకో కాగితం కావలసివచ్చింది. ఆ మరుసటేడు ఇంకొకటి. ఏడాదికొకటి చొప్పున, కొలత తప్పకుండా.

కాని కాగితంతో ఇల్లు ఊరుకోదు. తూర్పు పక్క మంచం కోళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టారు. బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టారు. పొయ్యి మీద పాలు ఎప్పుడూ ఒక పక్కకే పొంగేవి, దానికేం చేయలేక ఆ పక్కన గుడ్డ పరిచారు. తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. వచ్చిన చుట్టాలు ఈ ఇంట్లో ఎంత మర్యాదో అని మురిసిపోయేవారు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేలాడేవాటితో. వేలాడేది ఏదైనా నిజమే చెబుతుంది. అందుకని మేస్త్రిగారమ్మాయి దీపం గొలుసు తీసేసింది, పటాలకు కింద కూడా మేకులు కొట్టించింది, తెరలకు అడుగున పిన్నీసులు పెట్టింది. గోడ నిలువు చూసుకునే మామగారి తూకం గుండు దారంతో సహా ఒక రోజు బియ్యం డబ్బాలోకి మాయమైంది. రసమట్టాన్ని ఆయన ఎప్పుడూ పిడి మీది గీత కుడివైపు వచ్చేలాగే పట్టుకుంటాడు కాబట్టి, ఎప్పుడూ ఆ కిటికీ మీదే పెడతాడు కాబట్టి, ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు.

వీధిలో మిగతా పదకొండిళ్ళ వాళ్ళకి మాత్రం తెలియదా? వాళ్ళ పాలూ ఒక పక్కకే పొంగుతాయి. అందరికీ తెలుసు. కాని మేస్త్రిగారు సాయంత్రం వీధిలో నడుస్తూ, "ఇల్లెలా ఉందమ్మా?" అని అడిగితే, "గీత గీసినట్టుందండీ" అనేవారు. ఆ జవాబు చెబుతున్నప్పుడు మొదటి ఇంటావిడ గుమ్మానికి ఆనుకుని నిలబడేది, ఆనుకోకపోతే పక్కకి నడిచేస్తుంది కనక.

చూరు కాలువలు మాత్రం అబద్ధం చెప్పవు. నీరు పల్లమెరుగు అన్నారు. ఇల్లు తూర్పుకి కుంగుతుంటే, నీళ్ళు పడమటి గొట్టంలోకి పోవాలంటే, ఏడాదికోసారి పన్నెండు కాలువల్లోనూ తూర్పు కొక్కేలు కాస్త పైకి జరపాలి. చూరల్లుడు ఏటా ఆ పని చేశాడు. కొక్కెం విప్పి, కొత్త బెజ్జం వేసి, పాత బెజ్జానికి మాటు వేసి, చెంబుడు నీళ్ళు పోసి, అవి పడమటికి పోయేదాకా చూసి దిగేవాడు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి కాలువ తూర్పు చివర పెంకుల్ని ముట్టుకుంటోంది, పడమటి చివర జానెడు పైచిలుకు కిందికి వేలాడుతోంది. ఇంటి వరసకూ కాలువ వరసకూ పొంతన లేదు. చూసేవాళ్ళకి ఇల్లు తిన్నగా, కాలువ వంకరగా కనిపిస్తుంది. వీధి మొత్తం మీద తిన్నగా ఉన్నవి ఆ పన్నెండు కాలువలే, వంకరగా కనిపించేవీ అవే. మామగారికి మెడ పట్టేసి పైకి చూడలేడు కాబట్టి అదీ గడిచిపోయింది.

ఈ పరిస్థితుల్లో పన్నెండో ఇల్లు కొనుక్కుని ఫ్రేములాయన దిగాడు.

నలభై ఏళ్ళు పటాలకు కట్లు కట్టిన మనిషి. దుకాణం కొడుక్కి అప్పగించాడు గాని, కన్ను అప్పగించలేదు. చేరిన మూడో రోజు పొద్దున్నే, మామగారు టీ తాగుతున్న వేళకి వచ్చి, ఫోనులో ఒక ఫొటో తెరిచి ఆయన ముక్కు కింద పెట్టాడు.

"మేస్త్రిగారూ, ఇల్లు ముత్యంలా కట్టారు. వేలు పెట్టడానికి లేదు. కాని దానికి ఆ చూరు కాలువేంటండీ? ఆ చివర పెంకులకి ఆనుకుంది, ఈ చివర జానెడు పైచిలుకు సందు. ఇలాంటి పటం నా దుకాణంలో గోడకి తగిలిస్తే కొనేవాడు పారిపోతాడు."

మామగారు ఫొటో చూశాడు. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, రసమట్టం చంకన పెట్టుకుని లేచాడు. ఎనభై మూడేళ్ళ మనిషి పన్నెండో ఇంటిదాకా చెప్పుల్లేకుండా నడిచాడు. వెనకాల ఫ్రేములాయన, ఆ వెనక నిచ్చెన మోసుకుంటూ చూరల్లుడు, ఆ వెనక ఒక్కో ఇంట్లోంచీ ఒక్కొక్కరు. మేస్త్రిగారు రసమట్టం పట్టుకుని వీధిలోకి వచ్చాడంటే ఏం జరగబోతోందో వాళ్ళకి తెలుసు.

"మామయ్యగారూ, నేనెక్కి చూస్తానుండండి," అన్నాడు చూరల్లుడు.

"నువ్వు ఎక్కే కదా ఇలా చేశావు. పట్టుకో."

మామగారే నాలుగు మెట్లు ఎక్కి, కాలువ కంటి ఎత్తుకి వచ్చాక, దాని అంచున రసమట్టం పెట్టాడు. బుడగ ఒక చివరకి పోయి అక్కడే అతుక్కుంది.

"ఇది చూరు కాలువ కాదు, జారుడు బల్ల," అన్నాడు మామగారు. "నా ఇళ్ళన్నిటికీ ఇలాగే తగిలించావా?"

చూరల్లుడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క ముక్కతో తేల్చేయొచ్చు. కాలువ తిన్నగానే ఉంది, ఇల్లే వంకరగా ఉంది, మీ చేతిలోది నేను పాడుచేసిన మట్టం అంటే సరిపోతుంది. ఆ ముక్కతో తన ముప్ఫై ఏళ్ళ పని నిలబడుతుంది, మామగారు మంచాన పడతాడు. చూరల్లుడు వీధివాళ్ళ వంక చూశాడు. వాళ్ళు నేల చూస్తున్నారు.

"తప్పైపోయింది మామయ్యగారూ," అన్నాడు.

ఒక్క మంచి మాట కోసం ముప్ఫై ఏళ్ళు కాచుకున్నవాడు, పదిమంది ముందు నిలబడి తన పని చెత్తని తనే ఒప్పుకున్నాడు.

"ముందు మన ఇంటిది సరిచెయ్యి. ఈ మట్టం ప్రకారం చెయ్యి. మిగతావి రేపట్నుంచి," అన్నాడు మామగారు.

ఇంటికొచ్చాక మేస్త్రిగారమ్మాయి మొగుణ్ణి వంటింట్లోకి లాగింది.

"ఎందుకండీ అలా ఒప్పేసుకున్నారు?"

"మరేమనమంటావు? మీ నాన్నతో నువ్వు చెప్పు."

"నేనెలా చెప్తాను? కాగితాలు పెట్టింది మీరు."

"కత్తెర నీది."

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఈ కాలువ ఆయన చెప్పినట్టు బిగిస్తే నీళ్ళెక్కడ పడతాయి?" అంది.

"తూర్పు చివర పొంగి, మీ నాన్న గది కిటికీలో పడతాయి."

"ఆ చివర బొక్కెన పెట్టనా?"

"ఎన్ని పెడతావు? పన్నెండిళ్ళకీ పెట్టాలి."

పది గంటలకి మామగారు వీధిలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రసమట్టం పైకీ కిందికీ ఇరవై సార్లు తిరిగింది. తెలియక తప్పు చేయడం ఎవడైనా చేస్తాడు. తెలిసి తెలిసి, అన్ని కొలతలూ తీసి, మర మీద మర బిగించి తప్పుని నిలబెట్టడం ఎంత కష్టమో చూరల్లుడికి ఆ పూట అర్థమైంది. స్క్రూడ్రైవరు మూడుసార్లు జారి కిందపడింది. మూడోసారి మామగారే వంగి తీసి అందిస్తూ, "వయసైపోతోందయ్యా నీకు," అన్నాడు. పన్నెండు గంటలకల్లా కాలువ ఇంటికి సరిసమానంగా, ఫ్రేములాయనకి కన్నుల పండుగగా బిగుసుకుంది. ఆయన వీధి అవతలినుంచి ఒక ఫొటో కూడా తీసుకున్నాడు.

మూడింటికి వాన వచ్చింది.

మామూలు వాన కాదు, పెంకులు ఊడేలా కురిసింది. పడమటి గొట్టం లోంచి ఒక్క చుక్క దిగలేదు. కప్పు మీది నీళ్ళన్నీ కాలువలో చేరి, బుద్ధిగా తూర్పుకి నడిచి, మూసి ఉన్న చివర దాకా వెళ్ళి, అక్కడ దారి లేక, పొంగి, మామగారి గది కిటికీ మీద ధారగా పడ్డాయి. వీధి పొడవునా మిగతా పదకొండిళ్ళ వంకర కాలువల్లోంచి నీళ్ళు చక్కగా గొట్టాల్లోకి దిగిపోతున్నాయి.

మామగారు వరండాలో కూర్చుని ఆ ధారని చూస్తున్నాడు. చూరల్లుడు గుమ్మం దగ్గర, మేస్త్రిగారమ్మాయి వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయారు.

"నీళ్ళు తప్పు దారిన పోతున్నాయి," అన్నాడు మామగారు.

మేస్త్రిగారమ్మాయి బొక్కెన తెచ్చి ధార కింద పెట్టింది.

"మా రోజుల్లో వాన ఇలా ఉండేది కాదు. ఈ వాన తీరే వేరుగా ఉంది," అన్నాడు ఇంకాసేపటికి. వాన మీద ఎంత తప్పు మోపినా అది వచ్చి సంజాయిషీ చెప్పదు కదా.

అలా అరగంట గడిచింది. మామగారు లేచి రసమట్టం తీసుకుని, తడిసిన కిటికీ గడప మీద పెట్టాడు. బుడగ నడిమధ్యన నిలిచింది. గడప మీది నీళ్ళు మాత్రం ఆగకుండా కుడివైపుకి పారి కిందికి కారుతున్నాయి. ఆయన బుడగని చూశాడు, నీళ్ళని చూశాడు. ఎంతోమంది పనివాళ్ళకి ఆయన మొదటిరోజు నేర్పిన పాఠం ఒకటుంది. రసమట్టాన్ని నమ్మకండిరా, తిప్పిపెట్టి చూడండి, రెండు వైపులా ఒకటే చెబితేనే అది మట్టం అనేవాడు. తన రసమట్టాన్ని తనెప్పుడూ తిప్పిపెట్టలేదు. తనది కనక.

పిడి మీది గీత ఎడమకి వచ్చేలా తిప్పి పెట్టాడు. బుడగ ఒక్క ఉదుటున ఆ చివరకి పోయింది, మళ్ళీ రాలేదు.

"చిన్న స్క్రూడ్రైవరు ఇవ్వమ్మా," అన్నాడు కూతురితో.

ఇత్తడి పట్టీ విప్పాడు. గాజు గొట్టం పైకి తీశాడు. కాగితప్పేలికల్ని ఒక్కొక్కటే తీసి పంచె మీద మోకాలి దగ్గర పరుచుకున్నాడు. వాటి మీద తారీఖుల ముక్కలున్నాయి. అన్నిటికన్నా అడుగునున్నదాన్ని వెలుతురుకి పట్టి చదివాడు.

"ఇది మీ అత్తయ్య పోయిన ఏడు."

"అవునండి," అన్నాడు చూరల్లుడు.

"మొత్తం ఇరవై."

"ఇరవైయండి."

మామగారు పేలికల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచుల మీద వేలు పెట్టి చూశాడు. ఒక్కటీ ఇవతలికి రాలేదు, ఒక్కటీ అవతలికి పోలేదు. ఈయన ఇప్పుడు లేచి గదిలోకి వెళ్ళి పడుకుంటే, మళ్ళీ లేవడని చూరల్లుడు అనుకున్నాడు. తన చేతులతో తనే మామగారిని చంపుకున్నానని అనుకున్నాడు.

"ఎటు వాలింది?" అన్నాడు మామగారు.

"తూర్పుకి."

"ఎంత?"

"జానెడు."

"ఈ ఒక్క ఇల్లేనా?"

"అన్నీ మామయ్యగారూ."

"అన్నీ జానెడేనా? ఎక్కువా తక్కువా లేవా?"

"లేవండి. ఏటా కొలుస్తాను. పన్నెండూ ఒక్క తీరుగా, వెంట్రుకవాసి తేడా లేకుండా వాలాయి."

"వాలినా వరస తప్పలేదన్నమాట," అన్నాడు మామగారు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. తర్వాత, "టీ పెట్టమ్మా," అన్నాడు. కూతురు టీ పెడుతూ ఏడ్చింది, పాలు రెండు పక్కలా పొంగిపోయినా చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్న మామగారు వీధివాళ్ళందర్నీ తన ఇంటి ముందుకి పిలిపించాడు. చూరల్లుడు నిచ్చెన వేసి, కాలువని పాత వరసకి తేవడానికి ఎక్కబోతున్నాడు. మామగారు ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టాడు.

"నిన్న నేను మా అల్లుణ్ణి మీ అందరి ముందూ మాటన్నాను. అందుకని మీ అందరి ముందే చెబుతున్నాను. ఆయన కాలువల్లో వంకర లేదు. నేను కట్టిన ఇళ్ళే వాలిపోయాయి."

ఇరవై ఏళ్ళు ఒక అబద్ధాన్ని ముద్దుగా పెంచుకున్నాక దాన్ని ఒక్క పూటలో వదిలిపెట్టడం ఎవరివల్లా కాదు.

"అదేం మాటండీ మేస్త్రిగారూ," అంది మొదటి ఇంటావిడ. "మా ఇల్లు గీత గీసినట్టుంది."

"మా ఇంట్లో గోలీ పెడితే కదలదు," అన్నాడు ఐదో ఇంటాయన. వాళ్ళింట్లో గోలీ పెడితే వీధిలో దొరుకుతుంది.

"మీకు రాత్రి నిద్ర పట్టలేదేమో," అన్నారు ఇంకెవరో.

ఫ్రేములాయన మాత్రం గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఆగండాగండి. వాలడమేంటండీ? నేను కొన్నది వాలిన ఇల్లా?"

"కాదు కాదు," అన్నారు మిగతా పది ఇళ్ళవాళ్ళూ ఒక్కసారే.

మామగారు ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ పోయాడు. వీళ్ళకి ఎన్నాళ్ళుగా తెలుసో ఆయనకి అప్పుడర్థమైంది. కళ్ళు తడిసాయి, తుడుచుకోలేదు.

"సరే, మీ మాటే కానివ్వండి," అన్నాడు. "ఇళ్ళు తిన్నగా ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"మరి మా అల్లుడి కాలువలు?"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి మొదటి ఇంటావిడే, "అవీ తిన్నగానే ఉన్నాయండి," అంది.

"రెండూనా?"

"రెండూనండి."

"రెండూ ఎలా ఉంటాయండీ?" అన్నాడు ఫ్రేములాయన, ఏడుపు గొంతుతో. "ఒకటి ఇలా ఉంది, ఒకటి అలా ఉంది. కళ్ళకి కనబడుతూనే ఉంది కదా."

"మీరు కొత్తగా వచ్చారు," అన్నాడు మామగారు మెత్తగా. "అలవాటైపోతుంది. మంచం కోళ్ళ కింద ఏం పెట్టుకోవాలో మా అమ్మాయి చెబుతుంది."

సభ అక్కడితో ముగిసింది. జనం ఎవరిళ్ళకి వాళ్ళు, కుడికాలు కాస్త జాగ్రత్తగా వేసుకుంటూ వెళ్ళిపోయారు. చూరల్లుడు నిచ్చెనెక్కాడు. తూర్పు కొక్కెం మరలు విప్పాడు. నిన్న తను వేసిన తప్పుడు బెజ్జం కనపడింది, దాని పైన మొన్నటిదాకా ఉన్న బెజ్జం కనపడింది. అలవాటు కొద్దీ కిందికి చెయ్యి చాపాడు.

"మామయ్యగారూ, చెంబుడు నీళ్ళు అందిస్తారా, వాలు చూసుకుంటాను."

మామగారు నిచ్చెన కింద నిలబడి రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నాడు. మెడ పైకెత్తలేడు కాబట్టి, ఎదురుగా ఉన్న మెట్టుతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"అవన్నీ ఎందుకు నీకు? నీ కంటికి ఎలా తోస్తే అలా బిగించు. నీ చెయ్యి తప్పదు."

చూరల్లుడు కాసేపు మర బిగించలేకపోయాడు. మర కనపడలేదు. కళ్ళు తుడుచుకుందామంటే ఒక చేతిలో కొక్కెం, ఒక చేతిలో స్క్రూడ్రైవరు ఉన్నాయి.

"ఏం, బెజ్జం దొరకలేదా?" అన్నాడు మామగారు కిందినుంచి.

"దొరికిందండి. ఒక్క నిమిషం."

"కానీ, తొందరేం లేదు," అని మామగారు నిచ్చెన ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.